పుట్టే వేడి, పోయే వేడి

సంక్రాంతికి ఇంటికి వెల్ల వేసుకునే అలవాటు పెయింట్ డబ్బాల దెబ్బకు చాలావరకు పోయింది. అయినా విశాఖ వన్ టౌన్ పాత పెంకుటిళ్లలో, భీమిలి వైపు పల్లెల్లో అక్కడక్కడా సున్నం గడ్డలు కొని తెచ్చుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. బానలో గడ్డలు వేసి నీళ్లు పోస్తారు. కాసేపు ఏమీ ఉండదు. తర్వాత గడ్డ మీద పగుళ్లు వస్తాయి, చిటపటమని చప్పుడు మొదలవుతుంది, ఆ వెంటనే బాన మొత్తం కుతకుత ఉడుకుతుంది. కింద పొయ్యి లేదు, నిప్పు లేదు. పిల్లల్ని దూరంగా పొమ్మని కేకలేయడం, ప్లాస్టిక్ బకెట్ వద్దనడం, మొహం వంచి చూడొద్దనడం అన్నీ అనుభవం నేర్పిన జాగ్రత్తలే.

అదే గడ్డలోంచి గోరంత ముక్క విరిచి గిన్నెడు నీళ్లలో వేస్తే నీళ్లు కాస్త గోరువెచ్చన అవుతాయి, అంతే. సున్నం అదే, నీళ్లు అవే, జరిగే చర్యా అదే. గిన్నెలో గోరువెచ్చగా ఉన్నది బానలో ఎందుకు సలసల మరిగింది? విశాఖ లాంటి ఊళ్లో ఈ చిన్న ప్రశ్నకు జవాబు తెలిసి ఉండటం చాలా అవసరం. ఇక్కడి ఫ్యాక్టరీల్లో, రేవులో, రైలు పట్టాల మీద, కట్టే ప్రతి భవనం పునాదిలో జరిగేది ఈ బాన వ్యవహారమే, కొలతలే వేరు.

బడి పుస్తకాల్లో దీని పేరు ఉష్ణమోచక చర్య. వేడిని బయటికి వదిలే రసాయన చర్య అని అర్థం. దీని ఎదురు మాట ఉష్ణగ్రాహక చర్య. పదో తరగతిలో నిర్వచనం, సమీకరణం, రెండు మార్కుల ప్రశ్నతో ఈ పాఠం ముగిసిపోతుంది. వేడి ఎక్కడ నుంచి వచ్చిందని అడిగితే చాలామంది పిల్లలు 'బంధాలు తెగినప్పుడు శక్తి బయటపడుతుంది' అంటారు. అది తప్పు. బంధం తెంచాలంటే శక్తి ఖర్చు పెట్టాలి, కొత్త బంధం కట్టుకున్నప్పుడే శక్తి చేతికొస్తుంది. పెట్టిన ఖర్చు కంటే వచ్చిన రాబడి ఎక్కువైతే ఆ మిగులే వేడి. గ్యాస్ పొయ్యికి లైటర్ ఎందుకు కావాలో కూడా దీంతోనే తెలుస్తుంది. మొదటి బంధాలు తెంచడానికి చేతి నుంచి కొంత పెట్టుబడి పెట్టాలి. ఆ తర్వాత మంట తన ఖర్చు తనే చూసుకుంటుంది.

సున్నం దగ్గర ఈ జమాఖర్చు కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. సముద్రపు గుల్లలైనా, సున్నపురాయి అయినా బట్టీలో కాల్చినప్పుడు మోల్‌కు (రసాయన శాస్త్రంలో సరుకు కొలత) దాదాపు 178 కిలోజౌళ్ల వేడి తాగుతాయి. తర్వాత నీళ్లు పోసినప్పుడు అందులో సుమారు 65 కిలోజౌళ్లు తిరిగి కక్కుతాయి. అంటే బానలో ఉడికింది బట్టీలో కాల్చిన బొగ్గు వేడిలో ఒక వంతే. కిలో సున్నం లెక్కన చూస్తే ఇది 1,100 కిలోజౌళ్లకు పైమాట. దాదాపు నాలుగు లీటర్ల నీళ్లను మామూలు వేడి నుంచి మరిగే దాకా తీసుకెళ్లడానికి ఇది చాలు. వంటగ్యాస్‌తో పోలిస్తే పాతిక గ్రాములు. పెద్ద లెక్కేమీ కాదు. మరి కుతకుత ఎందుకు?

వేడి పుట్టేది సున్నం మొత్తంలో. బయటికి పోయేది బాన గోడల నుంచి, పై నీటి మట్టం నుంచి మాత్రమే. పాత్రను అన్ని వైపులా పది రెట్లు పెద్దది చేస్తే లోపలి సరుకు వెయ్యి రెట్లు అవుతుంది, గోడల వైశాల్యం మాత్రం వంద రెట్లే పెరుగుతుంది. అంటే ప్రతి కిలో సరుకుకీ వేడి పోయే దారి పదో వంతుకు కుంచించుకుపోయినట్టు. పల్లెటూరి రైతుకు ఈ సంగతి లెక్కలేకుండానే తెలుసు. తడి ఆరని గడ్డి పరిచి ఉంటే ఏమీ కాదు, వామి వేస్తే లోపల ఉడికిపోతుంది. ధనుర్మాసం తెల్లవారుజామున పెంటకుప్ప కెలికితే పొగలు కక్కుతుంది, అదే పేడ పిడకగా గోడ మీద ఉంటే చల్లగా ఉంటుంది. తడి ధాన్యం రాశి పోస్తే లోపల వేడెక్కి రంగు మారుతుంది కాబట్టే కళ్లంలో పలచగా నెరుపుతారు. వీటిలో పని చేసేది సూక్ష్మజీవులు, సున్నంలో నీళ్లు. వేడి ఎవరు పుట్టించినా దాని నడక ఒక్కటే.

దీనికి ఇంకో మెలిక ఉంది, అసలు ప్రమాదం అందులోనే ఉంది. ప్రతి పది డిగ్రీలకు చర్య వేగం దాదాపు రెట్టింపవుతుందని రసాయన శాస్త్రంలో ఒక మోటు లెక్క వాడతారు. 30 డిగ్రీల దగ్గర నింపాదిగా సాగే చర్య 80 డిగ్రీల దగ్గర ముప్పై రెట్లకు పైగా వేగంతో సాగుతుంది. చల్లబడటం మాత్రం అలా పెరగదు. చుట్టూ ఉన్న నీళ్లు 20 డిగ్రీలనుకుంటే లోపలికీ బయటికీ తేడా 10 నుంచి 60 అయింది, అంటే చల్లదనం ఆరు రెట్లే పెరిగింది. ఒకటి రెట్టింపుల మీద రెట్టింపులుగా దూకుతుంటే, ఇంకోటి మెట్టు మెట్టుగా ఎక్కుతుంది. ఒక హద్దు దాటాక రెండోది మొదటిదాన్ని ఎప్పటికీ అందుకోలేదు. వేడి వల్ల వేగం, వేగం వల్ల ఇంకా వేడి. ఈ హద్దు ఎక్కడుంటుందో 1928లో లెక్కగట్టి చూపినవాడు రష్యన్ శాస్త్రవేత్త నికొలాయ్ సెమ్యోనోవ్. రసాయన చర్యల నడక మీద ఆయన చేసిన కృషికి 1956లో నోబెల్ వచ్చింది. ఫ్యాక్టరీ భాషలో ఈ హద్దు దాటడాన్ని 'రన్‌అవే' అంటారు. పగ్గం తెంచుకున్న ఎద్దులాంటిదన్నమాట.

ఈ లెక్కను పట్టుకుని ఊళ్లోకి వెళ్తే ముందు కనబడేది పోర్టు. బైలదిల్లా గనుల నుంచి కొత్తవలస–కిరండోల్ లైను మీద దిగే ఇనుప ఖనిజం ఒక పక్క ఎర్రగా గుట్టలు పడి ఉంటుంది. ఓడల్లో వచ్చిన బొగ్గు ఇంకో పక్క నల్లగా ఉంటుంది. చూపుకు రెండూ మట్టి గుట్టలే. రసాయనంగా మాత్రం వాటికి పోలికే లేదు. ఇనుప ఖనిజమంటే ఎప్పుడో కాలిపోయిన ఇనుము. ఆక్సిజన్‌తో కలవడం అయిపోయింది, ఇవ్వాల్సిన వేడి ఇచ్చేసింది. దాన్ని వందేళ్లు ఎండలో పెట్టినా ఏమీ కాదు. బొగ్గు ఇంకా కాలాల్సి ఉంది. అగ్గిపుల్ల గీయకపోయినా అది గాలిలోని ఆక్సిజన్‌ను మెల్లమెల్లగా పట్టుకుంటూనే ఉంటుంది, పట్టుకున్నప్పుడల్లా రవ్వంత వేడి వదులుతుంది.

గుట్ట బయటి పొరలో గాలి బాగా ఆడుతుంది, పుట్టిన వేడిని అదే గాలి ఊడ్చుకుపోతుంది. బాగా లోపల గాలే లేదు, అక్కడ చర్య కూడా లేదు. ఈ రెంటి నడుమ ఒక పొర ఉంటుంది. చర్య జరగడానికి సరిపోయేంత గాలి అందులోకి వస్తుంది, వేడిని మోసుకుపోవడానికి ఆ గాలి చాలదు. బొగ్గు గుట్ట తనంతట తానే అంటుకునేది అక్కడే. అందుకే బొగ్గును వదులుగా పోయకుండా బుల్‌డోజర్‌తో అణగదొక్కుతారు, గుట్టల ఎత్తుకు హద్దు పెడతారు, పాత సరుకు ముందు తీసేస్తారు. నీళ్లు చల్లడం ప్రధానంగా దుమ్ము లేవకుండా ఉండటానికి. వన్ టౌన్‌లో మేడ మీద ఆరేసిన బట్టల మీద నల్ల పొడి చూసినవాళ్లకు ఆ అవసరం ఎవరూ చెప్పక్కర్లేదు. అయితే నీళ్లు పడితే బొగ్గు చల్లబడుతుందన్న నమ్మకం పూర్తిగా నిజం కాదు. బాగా ఎండిన బొగ్గు తేమ పీల్చుకునేటప్పుడు కూడా కొంత వేడి వదులుతుంది. మే నెల ఎండల తర్వాత పడే తొలి వానకు గుట్ట లోపల వేడెక్కే అవకాశం ఉంటుంది.

తుప్పు సంగతీ ఇదే. బీచ్ రోడ్డు ఇళ్ల ఇనుప గేట్లు ఉప్పుగాలికి నాలుగైదేళ్లలో పొరలు పొరలుగా రాలిపోతాయి. కిలో ఇనుము పూర్తిగా తుప్పుగా మారే లోపు 150 గ్రాముల పైచిలుకు వంటగ్యాస్ మండినంత వేడి వదులుతుంది. కొలిచి చూస్తే తప్ప నమ్మబుద్ధి కాదు. గేటు ఎన్నడూ వెచ్చబడదు, ఎందుకంటే అంత వేడీ ఏళ్ల తరబడి చుక్క చుక్కగా పోయింది, చుట్టూ సముద్రపు గాలి ఉంది.

దీనికి సరిగ్గా తిరగేసిన ఉదాహరణ రైలు పట్టాల మీద దొరుకుతుంది. రెండు పట్టాల కొసలు అతకడానికి రైల్వే వాళ్లు అల్యూమినో థర్మిక్ వెల్డింగ్ చేస్తారు, పనివాళ్ల నోట ఏటీ వెల్డింగ్. రైళ్లు ఆపి ట్రాఫిక్ బ్లాక్ ఇచ్చిన ఆ కాస్త వ్యవధిలో పట్టాల మధ్య వేలెడంత సందు ఉంచి, చుట్టూ ఇసుక అచ్చు బిగించి, కొసలను ముందుగా బర్నర్‌తో ఎర్రగా కాలుస్తారు. పైన మూసలో ఉండేది ఇనుప ఆక్సైడ్ పొడి, అల్యూమినియం పొడి. అంటించగానే అల్యూమినియం ఇనుము దగ్గరున్న ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. అర నిమిషం లోపు మూసలో తెల్లటి వెలుగు, ఉక్కు నీళ్లలా కిందికి దిగి సందు నిండిపోతుంది. హాన్స్ గోల్డ్‌ష్మిట్ అనే జర్మన్ 1895లో పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇది. విద్యుత్తు అక్కర్లేదు, పెద్ద యంత్రాలు అక్కర్లేదు, అడవి మధ్యలోనైనా చేయొచ్చు.

గమ్మత్తేమిటంటే ఆ పొడి గ్రాముకు ఇచ్చే వేడి సుమారు 4 కిలోజౌళ్లు మాత్రమే. వంటగ్యాస్ గ్రాముకు 46 దాకా ఇస్తుంది. అయినా గ్యాస్ పొయ్యి మీద ఇనప గరిటె ఎర్రబడటమే కష్టం, ఇక్కడ ఉక్కు నీరైపోయింది. గ్యాస్ మంటలో పుట్టిన వేడిని పొగ, గాలిలోని నైట్రోజన్ ఎప్పటికప్పుడు మోసుకుపోతాయి. థర్మిట్‌లో, అంటే ఈ పొడిలో, పైకి లేచే వాయువంటూ దాదాపు ఏమీ ఉండదు. వేడి అంతా క్షణాల్లో పుట్టి, పుట్టినచోటే నిలిచిపోయింది. ఎంత వేడి పుట్టిందన్న లెక్క ఒక్కటే చూస్తే మోసపోతాం.

వేడి పుట్టడాన్ని ఈ ఊరు ఎప్పుడూ భయపడే విషయంగా చూడలేదు, చూస్తే బతుకుతెరువే ఉండేది కాదు. స్టీల్ ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి వచ్చే కరిగిన ఇనుములో కార్బన్ నాలుగు శాతం దాకా ఉంటుంది. దాన్ని ఉక్కుగా మార్చే ఎల్‌డీ కన్వర్టర్‌కు బయటి నుంచి ఏ ఇంధనమూ పెట్టరు. పై నుంచి ఆక్సిజన్ ఊదుతారు. ఇనుములోని కార్బన్, సిలికాన్, మాంగనీస్ కాలి, వేడి పెరిగి, పావుగంట పైన మరికాసేపటికి ఉక్కు తయారవుతుంది. వేడి చాలకపోవడం అక్కడ పెద్ద సమస్య కాదు, ఎక్కువైపోవడమే సమస్య. అందుకే తుక్కు ఇనుము కలుపుతారు. తుక్కు కరగడానికి వేడి తాగుతుంది, కన్వర్టర్ అదుపులో ఉంటుంది, తుక్కు కూడా ఉక్కైపోతుంది. వేడిని చల్లార్చడానికి వాడిన సరుకే సొమ్ముగా మారడం కంటే తెలివైన ఏర్పాటు ఇంకోటి ఉండదేమో.

పోర్టులో దిగే పసుపుపచ్చ గంధకం కథ కూడా అలాంటిదే. ఎరువుల కోసం సల్ఫ్యూరిక్ ఆమ్లం చేసేచోట గంధకం కాలినప్పుడు వేడి, సల్ఫర్ డయాక్సైడ్ ట్రయాక్సైడ్‌గా మారినప్పుడు వేడి, చివర ఆమ్లంగా మారినప్పుడూ వేడి. మూడు మెట్లలోనూ రాబడే. ఆ వేడితో ఆవిరి పుట్టించి టర్బైన్లు తిప్పుకుంటారు. కాకపోతే మధ్య మెట్టు పేచీ పెడుతుంది. వేడి వదిలే చర్య కాబట్టి బాగా వేడెక్కితే అది వెనక్కి నడవడం మొదలుపెడుతుంది, ట్రయాక్సైడ్ తగ్గుతుంది. మరీ చల్లగా ఉంటే చర్యను వేగపరిచే కెటలిస్ట్ పని చేయదు. అందుకని వాయువును వనేడియం కెటలిస్ట్ పొరల మీదుగా విడతలుగా పంపుతూ, ప్రతి పొర తర్వాత 400 డిగ్రీల పైచిలుకుకు మళ్లీ చల్లబరిచి ముందుకు తోస్తారు. చల్లార్చే ప్రతిచోటా ఆవిరి పుడుతుంది. చల్లార్చడం ఖర్చు కాదు, ఆదాయం.

కాంక్రీటు గురించి రెండు మాటలు. సిమెంటు గట్టిపడేది ఆరడం వల్ల కాదు, నీళ్లతో చర్య వల్ల. ఆ చర్య వేడి వదులుతుంది. ఇంటి స్లాబు పలచన కాబట్టి వేడి ఇట్టే పోతుంది, మర్నాడు మేస్త్రీలు మడులు కట్టి నీళ్లు నిలపడం ముఖ్యంగా తేమ కోసం. మధురవాడ వైపు లేస్తున్న పెద్ద అపార్ట్‌మెంట్ల కింద మీటరుకు మించిన మందంతో పోసే ర్యాఫ్ట్ పునాదిలో మాత్రం లోపల వేడి చిక్కుకుని, పైపొర ముందే చల్లబడి, పగుళ్లు వస్తాయి. రాత్రి పూట కాంక్రీటు పోయడం, నీళ్లలో ఐసు వేయడం, వేడి తక్కువ వదిలే బూడిద సిమెంటో స్లాగ్ సిమెంటో వాడటం అందుకే. ఆ బూడిద థర్మల్ కేంద్రాల్లో బొగ్గు కాలగా మిగిలింది, స్లాగ్ బ్లాస్ట్ ఫర్నేస్‌లో మిగిలింది. రెండూ విశాఖ చుట్టుపక్కల కొదవలేని సరుకులే.

అసలు జాగ్రత్త కావాల్సింది పరవాడ, అచ్యుతాపురం వైపు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఇవి అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి గానీ పనివాళ్ల బస్సులు మాత్రం గాజువాక మీదుగానే నడుస్తాయి. మందుల ముడిసరుకు చేసే ఫ్యాక్టరీల్లో రియాక్టర్ అంటే స్టీలుదో, లోపల గాజుపూత వేసిందో ఒక పెద్ద గంగాళం. చుట్టూ జాకెట్, అందులో చల్లటి నీళ్లో ఉప్పునీళ్లో తిరుగుతుంటాయి, లోపల కలిపే రెక్క తిరుగుతుంటుంది. ల్యాబ్‌లో గాజు ఫ్లాస్కులో ఐసు గిన్నె పెట్టి చేసిన చర్యనే అయిదు వేల లీటర్లలో చేయాలి. సున్నం లెక్క ఇక్కడ కూడా తప్పదు. ఫ్లాస్కు తనంతట తాను చల్లబడుతుంది, రియాక్టర్‌ను చల్లబరచాలి. ఫ్లాస్కులో 'కొంచెం వెచ్చబడింది' అని నోట్‌బుక్‌లో రాసుకున్న చర్య రియాక్టర్‌లో ఏం చేస్తుందో వేడిని కొలిచే క్యాలరిమీటర్‌లో ముందే కొలిచి చూసుకోకపోతే అది గుడ్డి నమ్మకమే.

దీనికి పాత మందు 'డ్రాప్‌వైజ్' పోయడం. రెండు సరుకుల్ని ఒకేసారి కలపకుండా ఒకదాన్ని రియాక్టర్‌లో ఉంచి రెండోదాన్ని చుక్కచుక్కగా వదులుతారు. వదిలిందంతా వెంటనే చర్యలో ఖర్చైపోతే, వేడి పెరిగినప్పుడు వాల్వ్ కట్టేస్తే చాలు, అంతా ఆగిపోతుంది. బడి ల్యాబ్‌లో 'నీళ్లలో ఆమ్లం పోయాలి, ఆమ్లంలో నీళ్లు కాదు' అని చెప్పేది కూడా ఈ కోవలోదే. ఎక్కువగా ఉన్న నీళ్లు వేడిని పంచుకుంటాయి. తిరగేసి పోస్తే కాసిని నీళ్లే ఆమ్లం మీద మరిగి మొహం మీదికి చిందుతాయి.

అయితే చుక్కచుక్క పద్ధతిలో ఒక ఉచ్చు ఉంది, కొత్తగా చేరిన ఆపరేటర్లు చప్పున నమ్మరు. రియాక్టర్ మరీ చల్లగా ఉన్నా ప్రమాదమే. చల్లదనానికి చర్య నెమ్మదిస్తుంది, పోసిన సరుకు ఖర్చవకుండా లోపల పేరుకుంటుంది. థర్మామీటర్ చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. కలిపే రెక్క ఆగిపోయినా ఇంతే, పోసింది పోసినట్టు ఒక పొరగా నిలబడిపోతుంది. తర్వాత ఎవరో చూసి రెక్క మళ్లీ వేస్తారు, లేదా కొద్దిగా వేడి చేస్తారు. గంటల తరబడి పంచాల్సిన వేడి నిమిషాల్లో వచ్చి పడుతుంది. అలాంటప్పుడు వాల్వ్ కట్టేసినా లాభం ఉండదు, పోయాల్సిందంతా ముందే పోసేశారు. 2007 డిసెంబరులో అమెరికాలోని జాక్సన్‌విల్‌లో టీ2 అనే చిన్న రసాయనాల కంపెనీ రియాక్టర్ పేలి నలుగురు చనిపోయారు. చల్లబరిచే నీళ్లు ఒక్కటే దారి, అది విఫలమైంది, రెండో దారి లేదు.

విశాఖకు ఈ పాఠం 2020 మే 7 తెల్లవారుజామున వచ్చింది. గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్‌లో ఎం6 అనే స్టైరీన్ (ప్లాస్టిక్ ముడిసరుకు) ట్యాంకు నుంచి ఆవిరి బయటికి వచ్చింది. మూడు గంటల వేళ, జనం నిద్రలో ఉన్నారు. స్టైరీన్ ఆవిరి గాలి కంటే మూడు రెట్లకు పైగా బరువు కాబట్టి పైకి లేచిపోకుండా నేలబారుగా ఇళ్ల మధ్యకు పాకింది. 12 మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. రోడ్ల మీద నడుస్తూ నడుస్తూ కూలిపోయిన మనుషుల్ని, పశువుల్ని రాష్ట్రమంతా టీవీల్లో చూసింది.

ఆ రోజుల్లో చాలామంది దీన్ని 'గ్యాస్ లీక్' అన్నారు, ఇప్పటికీ అంటారు. పైపు పగిలితేనో వాల్వ్ ఊడితేనో వచ్చేది లీక్. 1997 సెప్టెంబరులో హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో ఎల్‌పీజీ కారి అంటుకున్నది అలాంటిది. వెంకటాపురంలో జరిగింది వేరు. స్టైరీన్ గ్యాస్ కాదు, 145 డిగ్రీల దగ్గర మరిగే ద్రవం. అది ఆవిరైందంటే లోపల ఎవరో పొయ్యి పెట్టి ఉండాలి. ఆ పొయ్యి స్టైరీనే.

స్టైరీన్ అణువులు ఒకదానికొకటి గొలుసుగా అతుక్కుని పాలిస్టైరీన్ అవుతాయి. థర్మోకోల్, ఫ్రిజ్ లోపలి తెల్ల ప్లాస్టిక్ లాంటివి దాని నుంచి వచ్చేవే. ఈ అతుకుడులో కిలోకు 670 కిలోజౌళ్ల దాకా వేడి పుడుతుంది. ఆ వేడి ఎటూ పోకుండా ఉంటే సరుకు 300 డిగ్రీలకు పైగా వేడెక్కగలదు. 1961లో హిందుస్థాన్ పాలిమర్స్‌గా మొదలైనప్పటి నుంచి ఆ ఫ్యాక్టరీ వ్యాపారమే ఈ చర్య. రియాక్టర్‌లో, కొలిచి, చల్లబరుస్తూ చేయాల్సిన చర్య ఆ రాత్రి గిడ్డంగి ట్యాంకులో దానంతట అదే జరిగింది. బయటి నుంచి ఏ కొత్త రసాయనమూ వచ్చి పడలేదు. సంఘటనలో అందరూ గమనించాల్సింది ఇదే, ఎక్కువమంది గమనించనిదీ ఇదే.

నిల్వలో ఉన్న స్టైరీన్ ఇలా అతుక్కోకుండా టీబీసీ అనే నిరోధకాన్ని పది లక్షల పాళ్లకు పదో పదిహేనో పాళ్లు కలుపుతారు. చిటికెడు కూడా కాదు. అది పని చేయాలంటే ద్రవంలో కొంత ఆక్సిజన్ కరిగి ఉండాలి. అది రోజురోజుకీ ఖర్చవుతుంది, వేడి పెరిగితే ఇంకా తొందరగా ఖర్చవుతుంది. అందుకే రెండో కాపలాగా ట్యాంకును చల్లగా ఉంచుతారు. మార్చి చివర లాక్‌డౌన్‌తో ఉత్పత్తి ఆగింది, సరుకు కదలకుండా వారాల తరబడి ట్యాంకులో ఉండిపోయింది, బయట వేసవి. ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ జులైలో ఇచ్చిన నివేదిక వేలెత్తి చూపినవి ఇవే: చల్లబరిచే యంత్రాలు రాత్రిళ్లు నడవలేదు, నిరోధకం తగినంత లేదు, ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్ ట్యాంకు అడుగున మాత్రమే ఉంది, సైరన్ మోగలేదు.

అడుగున సెన్సర్ అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. వేడి ద్రవం తేలిక, పైకి చేరుతుంది. చల్లబరిచి తెచ్చిన ద్రవం కింద ఉంటుంది. ట్యాంకు లోపల సరిగా కలియబెట్టకపోతే కింద చల్లగా, పైన మెల్లగా ఉడుకుతూ రెండు పొరలు ఏర్పడతాయి. కంట్రోల్ రూమ్‌లో కూర్చున్న మనిషికి కనిపించే అంకె కింది పొరది. ఆ అంకె అబద్ధం చెప్పలేదు, అక్కడ నిజంగా చల్లగానే ఉంది. పైన చర్య మొదలైంది, వేడికి వేగం, వేగానికి వేడి. గొలుసులు పెరిగేకొద్దీ ద్రవం పాకంలా చిక్కబడి కదలిక తగ్గుతుంది, కదలకపోతే వేడి గోడల దాకా చేరదు. చల్లదనానికి ఉన్న దారిని చర్యే మూసేసుకుంటూ పోతుంది. వెయ్యి టన్నులకు మించిన సరుకు, గోడలేమో అంతే ఉన్నాయి. చివరికి మరిగే స్థాయి చేరాక ట్యాంకుకు మిగిలిన ఒకే ఒక దారి ఆవిరి. ద్రవం ఆవిరవుతూ వేడిని మోసుకుపోతుంది, మట్టికుండలో నీళ్లు చల్లబడే సూత్రమే. వెంకటాపురం ఇళ్లలోకి పాకిన ఆ మేఘం, ట్యాంకు తనను తాను చల్లబరుచుకోవడానికి వదిలిన చెమట.

చర్యను ఆపడానికి నిరోధకాన్ని గుజరాత్ నుంచి విమానంలో తెప్పించాల్సి వచ్చింది.

భోపాల్ గుర్తుకు రాక మానదు. 1984 డిసెంబరు 2 రాత్రి అక్కడ మిథైల్ ఐసోసయనేట్ ట్యాంకులోకి నీళ్లు చేరాయి, ఆ రెంటి చర్య వేడి వదిలేది. ట్యాంకులో దాదాపు 40 టన్నుల సరుకు, దాన్ని చల్లగా ఉంచాల్సిన శీతలీకరణ యంత్రం కొన్ని నెలల ముందే ఆపేసి ఉంది. రసాయనాలు వేరు, మరణాల లెక్క ఎక్కడికక్కడ పోల్చరానిది. కానీ భోపాల్‌లో ఆ సరుకు తయారుచేసే యూనిట్, ఇక్కడ ఫ్యాక్టరీ ఉత్పత్తి చేయకుండా ఖాళీగా ఉన్నాయి, రెండు చోట్లా సరుకు మాత్రం ట్యాంకులో ఉంది, రెండు చోట్లా చల్లబరిచే యంత్రం పని చేయలేదు. యంత్రాలు నడుస్తున్నప్పుడు అందరి కళ్లూ మీటర్ల మీద ఉంటాయి. ఆగినప్పుడు 'ఇప్పుడేం జరుగుతుందిలే' అనిపిస్తుంది. వేడి వదిలే చర్యకు షిఫ్టులు లేవు, లాక్‌డౌన్ లేదు. కరెంటు బిల్లులో చల్లదనం ఖర్చుగానే కనిపిస్తుంది, సల్ఫ్యూరిక్ ఆమ్లం వాళ్లకు లాగా ఆదాయం కాదు. కోత పెట్టాలనిపించేది అక్కడే.

ప్రమాదం తర్వాత విశాఖలో మిగిలిన స్టైరీన్ నిల్వలు, సుమారు 13,000 టన్నులు, ఓడల్లో దక్షిణ కొరియాకు తిప్పి పంపారు. సముద్రం మీద స్టైరీన్ లాంటి సరుకు తీసుకెళ్లే ఓడకు అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఒక సర్టిఫికెట్ ఉండాలి. అందులో నాలుగు సంగతులు రాసి ఉంటాయి. కలిపిన నిరోధకం పేరు, అది ఎంత. దానికి ఆక్సిజన్ అవసరమా. ఏ తేదీన కలిపారు, ఎన్ని రోజులు పని చేస్తుంది. సరుకు ఎన్ని డిగ్రీల లోపు ఉంటే ఆ గడువు చెల్లుతుంది. ప్రయాణం ఆ గడువు దాటిపోయేలా ఉంటే ఏం చేయాలో కూడా అదే కాగితం మీద ఉంటుంది.